ముందు గదిలో విమానం

బెంగళూరు దగ్గర విమానాల ప్రదర్శన జరుగుతోందని, అందులో ఒక రోజు మామూలు జనాన్ని కూడా లోపలికి వదులుతారని నేను చెప్పినప్పుడు మా రత్నం మామ అడిగింది ఒకటే మాట. "ఆడ మన విమానం ఉంటాదా పాపా?" నాకు యాభై దగ్గర పడుతోంది. పులివెందుల బడిలో నాకు పద్యాలు అప్పజెప్పిన పిల్లలు ఇప్పుడు నన్ను దారిలో ఆపి వాళ్ల పిల్లల్ని చూపిస్తున్నారు. అయినా మామకు నేను పాపనే. మన విమానం అంటే ప్రొద్దుటూరులో మా అవ్వ ఇంటి ముందు గదిలో మేం కట్టుకున్న చెక్క విమానం. అది ఎగరలేదు, ఎగరాలని కట్టిందీ కాదు. విమానం నడిపే ఆట ఒకటి కంప్యూటర్లో ఉండేది. ఆ ఆట ఆడడానికి పైలట్ కూర్చునే చోటును అచ్చం అట్లాగే ఇంట్లో కట్టుకోవాలన్నది మా పిచ్చి. ఇట్లాంటి పిచ్చివాళ్లు దేశదేశాల్లో ఉన్నారని శానా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో ప్రపంచం మొత్తానికి మేం ఒక్కరమే అనుకునేవాళ్లం.

నిజం విమానాన్ని మాలో ఎవరమూ తాకి ఎరగం. మేం కట్టింది సరిగ్గా కట్టామా, లేక పెద్దవాళ్లమై ఉండీ బొమ్మరిల్లు కట్టుకున్నామా అన్నది తేలకుండానే ఇన్నేళ్లు గడిచిపోయాయి. మామ ఆ సంగతిని మనసులో పెట్టుకున్నాడు. డెబ్బై దాటాక మరీ ఎక్కువైంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "సరిగ్గా కట్టినామంటావా?" అని అడిగేవాడు. ఫోన్లో వెతికి చూపిస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "చేత్తో పట్టుకోని సూడాల. ఫోన్లో సూసేదానికి మనమేం ఫోన్లో కట్టినామా?" అనేవాడు.

మా అమ్మా నాన్నా జమ్మలమడుగులో ఉద్యోగాలు చేసేవాళ్లు. డిగ్రీ చదవడానికి నన్ను ప్రొద్దుటూరులో అవ్వ దగ్గర వదిలారు. అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఆమె చిన్న కొడుకు రత్నం మామ, ఆ ఇద్దరే ఆ ఇంట్లో. మామది మోటారు వైండింగ్ షాపు. ఇంటిని ఆనుకునే ఉండేది. ఎండాకాలం కరెంటు సరిగ్గా రాక బోరు మోటార్లు కాలిపోయేవి. చాపాడు వైపు నుంచి రైతులు వాటిని ట్రాక్టర్లలో వేసుకొచ్చేవాళ్లు. కాలిన రాగితీగ వాసన, వార్నీషు వాసన, పొయ్యి మీద వేగే చెనిక్కాయల వాసన, ఈ మూడూ కలిస్తే నాకు అవ్వ ఇల్లు. తెల్లవారగానే అవ్వ కళ్లజోడు పెట్టుకుని బైబిల్లో ఒక అధ్యాయం పైకి చదివేది. మామ సగం నిద్రలోనే "ఆమెన్" అనేవాడు. అధ్యాయం ఇంకా అయిపోలేదని అవ్వ కసిరేది. మామ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే బాగుచేసిన మోటారు ఒకదానికి కరెంటు ఇచ్చేవాడు. ఆ హోరులో సంబంధాలు చెప్పేవాళ్ల గొంతు వాళ్లకే వినపడేది కాదు.

ఊళ్లో కంప్యూటర్లు నేర్పే ఒక సెంటరుకు మామ స్టెబిలైజర్లు బాగుచేసేవాడు. వాళ్లు కొత్తవి తెచ్చుకున్నప్పుడు పాతదొకటి మామకిచ్చారు. దానికి కావలసిన ఆటను తెచ్చినవాడు ఓబులేసు. ఓబులేసుది వేముల పక్క పల్లె. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, వాటినే లారీలో ఎక్కించి బెంగళూరు సంతకు తోలే పని చేసేవాడు. మనిషి ఆరడుగులు, గొంతు తొమ్మిదడుగులు. తిరుగు ప్రయాణంలో లారీ ఖాళీగా రావడం వాడికి ఇష్టం ఉండేది కాదు. పాత సామాన్ల బజారులో కంటికి నచ్చిందల్లా వేసుకొచ్చి మామ ముందు పెట్టేవాడు. అట్లా ఒకసారి విమానం ఆట సీడీ, దాంతోపాటు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. రెండూ గొర్రెల వాసనే. పత్రిక మధ్య పేజీలో ఒక చిన్న విమానం లోపలి భాగం, రంగుల్లో, రెండు పేజీల నిండా ఉంది. మామ దాన్ని చూసి అన్నం తినడం మరిచిపోయాడు. మామ అన్నం మరిచిపోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు, అందుకే అవ్వ భయపడింది.

బొమ్మ ఉంది గానీ కొలతలు లేవు. ఏది ఎంత పొడవో ఎవరిని అడగాలి? ప్రొద్దుటూరులో బంగారం గురించి అడిగితే చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. విమానం గురించి చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మామ మూడు రోజులు బొమ్మ ముందు కూర్చుని ఒక దారి కనిపెట్టాడు. బొమ్మలో పైలట్ చెయ్యి కనిపిస్తోంది. ఆ చెయ్యిని జానగా తీసుకుంటే, పక్కనున్న వస్తువులన్నీ ఎన్ని జానలో లెక్క కట్టవచ్చు. మరి ఆ తెల్లాయన జాన ఎంత? "వాళ్లు మనకన్నా పెద్ద మనుసులు కదా" అన్నాడు మామ. మాలో పెద్ద చెయ్యి ఓబులేసుది. అంతే, ఓబులేసు జాన మా విమానానికి కొలబద్ద అయింది. వాడు బెంగళూరు పోయినప్పుడు పని ఆగిపోయేది. చెయ్యి ఊళ్లో లేదు మరి.

ప్యాకింగు చెక్కలతో గోడలు, పాత జీపు సీట్లు రెండు, అద్దానికి బదులు కంప్యూటరు తెర. ఎదుటి పలకలో ముఖ్యమైన గడియారాలు ఆరు ఉంటాయి, పైన మూడు, కింద మూడు. వేగం, ఎత్తు, దిక్కు ఇట్లాంటివి చూపేవి. వాటికి గుండ్రటి గూళ్లు కావాలి. ఒక మధ్యాహ్నం అవ్వ చర్చి ఆడవాళ్ల కూటానికి పోయి వచ్చేసరికి పోపుల డబ్బా ఖాళీ. అందులోని ఏడు గిన్నెల్లో ఆరు మాయం. పోపు దినుసులన్నీ కాగితాల మీద కుప్పలుగా పోసి ఉన్నాయి. పసుపు గిన్నె ఒక్కటి మాత్రం దయదలిచి వదిలిపెట్టాడు మామ. అవ్వ ఆ రోజు తిట్టిన తిట్లు చర్చి కూటంలో నేర్చుకున్నవి మాత్రం కాదు. గిన్నెల అడుగున నేను అంకెలు రాసి అట్టముక్కలు అతికించాను. ముళ్లు వెనక నుంచి తిప్పాలి. ఎన్ని కడిగినా వాసన పోలేదు కాబట్టి ఆ గడియారాలకు మేం పేర్లు కూడా అట్లాగే పెట్టుకున్నాం. వేగం ఆవాలు, ఎత్తు మెంతులు, దిక్కు ధనియాలు. నేను తెర చూసి "మెంతులు మూడు వేలు!" అని అరిస్తే, పలక వెనక నక్కి కూర్చున్న ఓబులేసు ముల్లు తిప్పేవాడు.

అసలు గొడవ వచ్చింది పైలట్ పట్టుకునే చక్రం దగ్గర. ముందుకు తోస్తే విమానం ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. పాత ట్రాక్టరు స్టీరింగును సగానికి కోసి, తీగలతో కంప్యూటరుకు కలిపి మామ దాన్ని చేశాడు. చేసి, దాని వెనక బుల్లెట్ మోటార్ సైకిలు షాకబ్జర్ల స్ప్రింగులు రెండు బిగించాడు. లాగాలంటే రెండు చేతులూ, కాళ్ల దన్నూ కావాలి.

"ఇదేంది మామా, ఎద్దుల కొమ్ములు వంచినట్టుండాది" అన్నాడు ఓబులేసు. "పత్రికలో ఆయప్ప రెండు వేళ్లతో పట్టుకోని నవ్వుతాండాడు సూడు. ఇట్ల కట్టినావంటే ఆయప్ప ఏడుస్తాడు."

"నవ్వేది ఫోటోకు. నీ లారీ స్టీరింగే అంత బరువుంటే గాల్లో పోయేది బరువుండదా?"

"లారీ కింద నేల ఉండాది, టైర్లు ఉండాయి. గాల్లో ఏముండాది బరువుకు?"

"గాలుండాది" అన్నాడు మామ.

అంతకుమించి చెప్పడానికి మామ దగ్గర ఏమీ లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. కానీ ఆ స్ప్రింగులు మాత్రం తియ్యనివ్వలేదు. విమానం నడిపేది ఎక్కువగా నేనే కాబట్టి బాధ నాది. డిగ్రీ చివరి ఏడాదికి నా అరచేతుల్లో కాయలు కాశాయి. "ఆడపిల్ల చేతులా అవి, బాయి తవ్వే చేతులా?" అని అవ్వ వాటికి కొబ్బరినూనె రాసేది. ఆ తర్వాత ఇన్నేళ్లూ వాళ్లిద్దరూ ఎక్కడ కలిసినా, పెళ్లిలో గానీ చావులో గానీ, ఆ స్ప్రింగుల వాదం ఒకసారి జరిగి తీరేది. ఓబులేసు సరదాకే వాదించేవాడు గానీ, దెబ్బ మామకు లోపల తగిలేది. అంత ముఖ్యమైనదే తప్పు కట్టి ఉంటే ఇక మిగతాది దేనికి?

ఆదివారం ఆరాధన అయిపోయి, సంగటి తిని, ఓబులేసు ఊళ్లో ఉంటే మా ప్రయాణం మొదలయ్యేది. మా ఇళ్లల్లో ప్రార్థన చెయ్యకుండా ఊరికి బయల్దేరరు. ఇది ఉత్తుత్తి ప్రయాణమని ఎంత చెప్పినా అవ్వ వినేది కాదు. పైలట్ పక్క సీటు ఆమెది. తలమీద కొంగు కప్పుకుని, "ప్రభువా, ఈ పిల్ల చేతులకు బలమియ్యి, దారిలో ఏ అపాయమూ రానియ్యకు" అని పూర్తిగా, తీరిగ్గా, జమ్మలమడుగులో ఉన్న మా అమ్మనూ నాన్ననూ కూడా తలుచుకుని ప్రార్థించేది. అంతసేపూ తెరమీద ఇంజను తిరుగుతూనే ఉండేది. ఓబులేసు తన వంతుగా పలక మీద ఒక నిమ్మకాయ పెట్టేవాడు. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుని, దిగేటప్పుడు దాన్ని కొంగులో వేసుకుపోయేది. మర్నాడు చారులో అది తేలేది.

ఆటలో మా జిల్లా లేదు. బెంగళూరు ఉంది. అక్కడ లేచి ప్రొద్దుటూరు రావాలి. కింద కనిపించేదంతా గోధుమరంగు మైదానం, ఊరూ పేరూ లేదు. మా జిల్లా వేసవిలో అట్లాగే ఉంటుంది కాబట్టి మాకు తేడా తెలియలేదు. దారి చెప్పేది ఓబులేసు. లారీ తోలినవాడు కాబట్టి గడియారం చూసుకుని, విమానం వేగానికి లెక్క కట్టి, పలక వెనక నుంచి కేకేసేవాడు. "కదిరి దాటినాం! ఇంగ పులివెందుల చీనీకాయల తోటలు, కుడిపక్క మా వేముల, మాయమ్మ కనపడతాండాదా సూడు పాపా!" కనపడుతోంది అనేదాన్ని నేను. మోటారు బాగయ్యేదాకా కూర్చోవాల్సిన రైతులు కూడా వెనక బెంచీ మీద సర్దుకునేవాళ్లు. ఒకాయన బ్రహ్మంగారిమఠం దగ్గర దించిపొమ్మన్నాడు. అది మన రూట్లో లేదని ఓబులేసు నిజంగానే కోప్పడ్డాడు. ప్రొద్దుటూరులో దిగడానికి చోటు లేదు కాబట్టి పెన్నలో దిగేవాళ్లం. పెన్న ఇసుక కన్నా చదునైన చోటు మాకు తెలిసి ఇంకొకటి లేదు. ఆటకు ఆ సంగతి తెలియదు, ప్రతిసారీ విమానం కూలిపోయిందని తెరమీద రాసేది. అవ్వ ఇంగ్లీషు చదవలేదు. "చేరినాం, స్తోత్రం" అని దిగేది.

నేను ఇంత నవ్విన రోజులు నా బతుకులో మళ్లీ రాలేదు. ఈ మాట చెప్పడానికి మొహమాటం దేనికి?

నాకు ఉద్యోగం వచ్చి పులివెందుల వెళ్లిపోయాక, రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీ వాళ్లు మామ షాపు ముందు భాగం కొట్టేశారు. షాపు ఇంటి ముందు గదిలోకి జరగాల్సి వచ్చింది. ఒక ఆదివారం మామ ఒక్కడే కూర్చుని విమానాన్ని ఊడదీశాడు. చెక్కలు పొయ్యిలోకి పోయాయి, గిన్నెలు పోపుల డబ్బాలోకి తిరిగొచ్చాయి. తర్వాత కొన్నేళ్లకు అవ్వ పోయింది. సమాధి తోట నుంచి తిరిగొస్తూ మామ నాతో, "అమ్మ ఒకనాడు కూడా మన విమానం ఉత్తదనుకోలేదు పాపా" అన్నాడు. సరిగ్గా కట్టామా అని అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఆ ప్రదర్శనకు ముగ్గురం కలిసి వెళ్లాం. ఓబులేసు ఇప్పుడు లారీ మానేసి చీనీ తోట చూసుకుంటున్నాడు, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. జనం వేలల్లో ఉన్నారు. నెత్తిమీద యుద్ధ విమానాలు ఆకాశాన్ని చింపినట్టు పోతుంటే అందరూ ఫోన్లు పైకెత్తి కేకలు వేస్తున్నారు. ఓబులేసు నోరు తెరిచి చూస్తూ, ఎదురుగా వస్తున్న ఐస్‌క్రీం బండిని గుద్దుకున్నాడు. మామ మాత్రం తల ఎత్తలేదు. తెల్ల చొక్కా, చర్చికి వేసుకునే బూట్లు, చెయ్యి నా భుజం మీద. "అవన్నీ మనయి కావు. మనది యాడుండాదో సూడు" అన్నాడు.

చివర్లో ఒక మూల, కంచె పక్కన ఉంది. ఎవరో విమానం నేర్పే బడి వాళ్లు తెచ్చి పెట్టారు. ముందు ఒకే ఒక పంకా, పైన రెక్క. చుట్టూ పెద్దగా జనం లేరు. దాని పక్కన నిలబడిన అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నేర్పేది ఆమేనట. కోలారు పిల్ల కావడంతో తెలుగు బాగా మాట్లాడుతోంది. ఎంత చిన్నది! మా ముందు గది విమానంలో ఇది పట్టేస్తుంది. ఓబులేసు తన చెయ్యి తను చూసుకున్నాడు. "మామా, తెల్లోళ్ల చేతులు నా అంతవి కావప్పా" అన్నాడు నీరసంగా. ఎక్కబోయి తలుపులో పొట్ట దగ్గర ఇరుక్కుంటే నేనూ ఆ అమ్మాయీ కలిసి వెనక్కి లాగాం.

మామ ఎక్కాడు. పైలట్ సీట్లో కూర్చుని చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత వేలుతో ఒక్కొక్క గడియారాన్నీ తాకాడు. "ఆవాలు. మెంతులు. ధనియాలు... అన్నీ యాడియి ఆడనే ఉండాయి పాపా." ఆ అమ్మాయి నా వంక అయోమయంగా చూసింది. నేను తర్వాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపాను. మామ ఇక చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కాళ్లు తన్నిపెట్టి, పళ్లు బిగించి, ముందు గదిలో లాగినట్టే ఒక్క గుంజు గుంజాడు.

అది బట్టల బీరువాలో సొరుగులా వచ్చి ఆయన ఛాతీకి కొట్టుకుంది. "అయ్యో, మెల్లగా తాతా!" అని ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. కింద నుంచి ఓబులేసు పగలబడి నవ్వాడు. "నేను సెప్పలా! పాతికేండ్ల నుంచి సెప్తాండా! రెండు వేళ్లతో తిరుగుతాది అని సెప్పలా!"

మామ నవ్వలేదు. చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపాడు. తేలిగ్గా పోతోంది, తేలిగ్గా వస్తోంది. "తప్పు కట్టినాం పాపా" అన్నాడు. ఆ గొంతు నేను అవ్వ పోయినప్పుడు ఒక్కసారే విన్నాను. తీసుకొచ్చి తప్పు చేశానే అనిపించింది. తెలియకుండా ఉంటేనే బాగుండేది కదా, ఈ వయసులో ఆయనకు ఈ పరీక్ష దేనికి పెట్టాను?

"ఏం తప్పు?" అని అడిగింది ఆ అమ్మాయి. నేను చెప్పాను. చెక్క విమానం, ట్రాక్టరు స్టీరింగు, బుల్లెట్ స్ప్రింగులు, అన్నీ. ఆమె నవ్వుతుందని కాచుకున్నాను. నవ్వలేదు. మామ పక్కన రెక్క కింద వంగి నిలబడి, "తాతా, ఇది ఇప్పుడు నిలబడి ఉంది. అందుకే తేలిగ్గా ఉంది" అంది. "తోక మీద గాలి ఒత్తిడి లేదు కదా ఇప్పుడు. లేచినాక వేగం పెరిగేకొద్దీ గాలి పట్టుకుంటుంది, ఇది బిగుస్తుంది. ఎక్కువ వేగంలో లాగాలంటే నా చేతులే నొప్పి పుడతాయి. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఇంట్లో ఆటలో అంతా మెత్తగా తిప్పి వచ్చి, మొదటి రోజు గాల్లో బెదిరిపోతారు. మీ స్ప్రింగులు కొంచెం ఎక్కువే అయ్యుంటాయి. కానీ మీరు కట్టింది నేలమీద నిలబడిన విమానం కాదు తాతా, ఎగురుతున్న విమానం."

మామ తలుపు వైపు వంగి, "తల్లీ, ఆ మాట ఇంగొకసారి సెప్పు. గట్టిగా సెప్పు. వాడు కింద ఉండాడు, వాడు ఇనాల" అన్నాడు.

ఆ అమ్మాయి చెప్పింది, గట్టిగానే చెప్పింది. ఓబులేసు చేతులు రెండూ పైకెత్తి, "ఇన్నా మామా, ఇన్నా! ఒప్పుకుంటాండా!" అని ఆ మైదానమంతా వినపడేట్టు అరిచాడు. యుద్ధ విమానాలను చూస్తున్నవాళ్లు కొందరు మా వైపు తిరిగారు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, కొంగు ఏ కొస దొరికితే దాంతో కళ్లు తుడుచుకుంటున్నాను.

ఇప్పుడు మా బడిలో పిల్లలు ఏ అనుమానం వచ్చినా నిమిషంలో ఫోన్ తీసి తేల్చేస్తారు. మంచిదే. నేనూ అదే చేస్తాను, నాకు పాతకాలం మీద వల్లమాలిన మోజేమీ లేదు. అయితే మాకు అడిగేందుకు ఎవరూ లేకపోవడం వల్ల మేం ఒక సంగతిని పాతికేళ్లు ఆలోచించాం. తప్పయితే ఎంత బాధపడాలో, ఒప్పయితే ఎంత సంబరపడాలో అంతా అందులోనే కూడబెట్టుకున్నాం. అందుకే ఆ రోజు సంబరం ముగ్గురికీ పంచినా మిగిలింది. అవ్వకు పెట్టలేకపోయాం, అదొక్కటే లోటు.

సాయంత్రం బస్సెక్కాక అడిగాను. "మామా, నిజం చెప్పు. గాలికి బరువుంటాదని నీకెట్ల తెల్సు?"

"నాకేం తెల్సు?" అన్నాడు మామ. "గాలి మోసేది సులువైతే పక్షులు ఎందుకు అలిసిపోయి కరెంటు తీగల మీద కూసుంటాయి? దినామూ సూస్తాండానే షాపులో కూసోని." అని, నేను సంచీ పెట్టి పట్టుకున్న కిటికీ సీట్లోకి నన్ను తోసుకుని వెళ్లి కూర్చున్నాడు.